వేలిముద్ర పడని అవ్వకు బియ్యం ఎవరిస్తారు, మంత్రిగారూ?

గౌరవనీయులైన పౌరసరఫరాల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. వేళ్లు అరిగిపోయిన ముసలివాళ్ల రేషన్ గురించి మేం ఇచ్చిన ప్రతి అర్జీకీ రసీదు నంబరు వచ్చింది, జవాబు రాలేదు. ఇక దారిలేక ఇలా అందరి ముందూ రాస్తున్నాం.

రేషన్ దుకాణంలో వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ యంత్రం పక్కన ఒక్క పూట నిలబడి చూడండి. అవ్వ కుడి బొటనవేలు పెడుతుంది. పడదు. చూపుడువేలు పెడుతుంది. పడదు. కొంగుకు తుడుచుకుని ఎడమచెయ్యి పెడుతుంది. డీలరు గాజు తుడిచి మళ్లీ పెట్టమంటాడు. వెనక వరుసలో విసుగు మొదలవుతుంది. "రేపు రా అవ్వా" అంటారు. రేపైనా ఆ వేళ్లే కదా అయ్యా!

ఏళ్ల తరబడి సున్నం, సిమెంటు కలిపిన చేతులు, బట్టల సబ్బులో నానిన చేతులు అవి. గీతలు అరిగిపోతాయి. వయసు మీదపడితే చర్మం పలచబడి బిగువు తప్పుతుంది. గట్టిగా నొక్కితే ముద్ర అలుక్కుపోతుంది, మెల్లగా పెడితే సగమే పడుతుంది. చలికాలంలో మరీ కష్టం. ఎండిన వేలిని తడిగుడ్డతో అద్దితే, చెమట వేలిని పొడిగుడ్డతో తుడిస్తే కొందరికి పడుతుంది. పది వేళ్లలో ఏది బాగా పడుతుందో చూసి కార్డు మీద రాసిపెడితే ఇంకొందరికి తీరుతుంది. ఆధార్ కేంద్రానికి వెళ్లి ముద్రలు మళ్లీ వేయించుకోమంటారు. అరిగిన వేలు మళ్లీ పెట్టినా అరిగిన ముద్రే కదా నమోదయ్యేది! కనుపాపతో గుర్తుపట్టే ఐరిస్ పెడదామంటే కంట్లో శుక్లం అడ్డు. ఫోనుకొచ్చే ఓటీపీ చెబుదామంటే ఆ నంబరు వలస వెళ్లిన కొడుకు జేబులో ఉంటుంది.

నలుగురున్న ఇంట్లో ఒకరికి పడకపోతే ఇంకొకరు వెళ్లి తెచ్చుకుంటారు. ఒంటరి అవ్వ కార్డులో ఉన్నది ఒక్క పేరే. నిరుపేదల కోసమని 2000 డిసెంబరులో అంత్యోదయ పథకం పెట్టారు. ఆ కార్డుకు నెలనెలా వచ్చే 35 కిలోలూ ఇప్పుడు ఆమె ఒక్క వేలి మీద ఆధారపడ్డాయి. అందరికన్నా దిక్కులేని మనిషే అందరికన్నా ముందు వట్టి సంచితో తిరిగి వెళుతోంది. దీన్ని మించిన అన్యాయం మాకు కనిపించడం లేదు.

పైగా నెలాఖరు లెక్కలో ఆమె సరుకు 'తీసుకోలేదు' అని పడుతుంది. మూడుసార్లు వచ్చి వెళ్లిందన్న సంగతి ఆ లెక్కలో ఉండదు. ఆరు నెలలు సరుకు తీసుకోని కార్డులను నిలిపేసే నిబంధన 2025లో వచ్చింది. అక్కర్లేక రానివాళ్లనూ, వచ్చి వట్టి చేతులతో వెళ్లినవాళ్లనూ ఒకే గాటన కడితే ఎలా, అయ్యా?

ముద్ర పడలేదని రేషన్ ఆపకూడదనీ, కార్డు చూసి ఇచ్చి విడిగా రిజిస్టరులో రాయాలనీ కేంద్రం 2017 అక్టోబరు 24నే రాష్ట్రాలకు చెప్పింది. మరి డీలరు ఎందుకివ్వడు? అతన్ని మాత్రమే తప్పుపట్టలేం. నిల్వ లెక్క యంత్రంలో ఉంది. ముద్ర లేకుండా 35 కిలోలు తూచి ఇస్తే ఆ 35 కిలోలూ అతని నిల్వలో తరుగుగా కనిపిస్తాయి. తనిఖీకి వచ్చినవారు రిజిస్టరు తెరవరు, తరుగు చూసి కేసు రాస్తారు. రిజిస్టరులో రాసినదాన్ని యంత్రం లెక్కలో కలిపే ఏర్పాటు లేనంతకాలం ఆ పుస్తకం తెల్లగానే ఉంటుంది.

ఆకలి తెలిసిన ప్రతివారూ పట్టించుకోవాల్సిన విషయమిది. మీ ఒక్కరి మీదే వదిలెయ్యం. ఏ ఊళ్లో ఎవరికి ముద్రలు పడటం లేదో ఇల్లిల్లూ తిరిగి మేం రాసిస్తాం. అవ్వ రాలేకపోతే ఆమె ఒప్పుకున్న పక్కింటివాళ్లు నామినీగా వెళ్లి సరుకు తెచ్చి ఇస్తారు. దానికి కాగితాల మీద కాగితాలు అడగకుండా చూడండి. ముద్ర పడక వెనుదిరిగినవారిని 'తీసుకోలేదు' అన్న వరుసలో వేయించకండి. ఆ కారణంగా ఆగిన కార్డులను తెరిపించండి. ఆహార భద్రత చట్టం 8వ సెక్షన్ ప్రకారం, అందని ధాన్యానికి భత్యం ఇవ్వాలి. అదీ ఇప్పించండి. దయచేసి రిజిస్టరు సంగతి ముందు చూడండి, బతిమాలి అడుగుతున్నాం.

రిజిస్టరులో రాసి ఇచ్చిన బియ్యాన్ని తరుగుగా లెక్కకట్టరాదని డీలర్లకూ, తనిఖీ అధికారులకూ ఒక్క పేజీ ఉత్తర్వు చాలు. వచ్చే నెల సరుకు దుకాణాలకు చేరేలోపే అది రావాలి.

ఇట్లు,
రేషన్ కార్డుదారుల తరఫున