హెచ్‌ఐవీ బాధితుల మతిమరుపు పట్టదా?

హెచ్‌ఐవీ మందులు సక్రమంగా వాడుతున్నవారిలోనూ కొందరికి మతిమరుపు వస్తున్నా పట్టించుకునేవారు లేరు. మా బాబాయికి తోడుగా నాలుగేళ్లుగా హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్తున్నాను. బరువు చూస్తారు, మిగిలిన మాత్రలు లెక్కపెడతారు. జ్ఞాపకశక్తి గురించి ఒక్కసారీ అడగలేదు. మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తురాక ఆయన సీసా పట్టుకుని అలాగే నిలబడిపోతారు. మెదడుపై ఈ వైరస్ ప్రభావాన్ని ఎలుకల్లోనూ, దీనికి దగ్గరిదైన ఎస్‌ఐవీ అనే వైరస్ ప్రభావాన్ని కోతుల్లోనూ పరిశీలిస్తున్నారు. ఎలుకకు మామూలుగా హెచ్‌ఐవీ సోకదు కాబట్టి కొన్ని ప్రయోగాల్లో వైరస్ పైపొర మార్చి మరీ ఎక్కిస్తారు. అయితే హెచ్‌ఐవీ పరిశోధనల్లో ఎక్కువగా వాడేది పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కనిపించే బి రకం హెచ్‌ఐవీ. మన దేశంలో ఎక్కువగా ఉన్నది సి రకం. రెండూ మెదడును ఒకేలా దెబ్బతీయవని 2008లో ఎలుకలపై జరిగిన అధ్యయనంలోనే తేలింది. సి రకంపై ఇక్కడి ల్యాబ్‌లలో పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిధులివ్వాలి. ఈలోగా, నాలుగు మాటలు చెప్పి రెండు నిమిషాలాగి తిరిగి అడిగే చిన్న పరీక్షను ప్రతి ఏఆర్‌టీ కేంద్రంలో ఏడాదికొకసారైనా చేయాలి.