రూట్ చేసిన ఫోన్‌కూ అసలైన రేడియో ఫైల్ అందాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

రూట్ చేసిన, అంటే తయారీదారు పెట్టిన హద్దులు తొలగించి ఆండ్రాయిడ్‌ను పూర్తిగా చేతిలోకి తీసుకున్న, ఫోన్ల వల్ల కలిగే ఇబ్బందుల గురించి మీ సాంకేతిక పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. బ్యాంకు యాప్‌లు మొరాయించడం, వారంటీ పోవడం వంటి విషయాలన్నీ అందులో సరిగానే రాశారు. అయితే రూట్ చేసినవారికి తెలియకుండానే జరిగిపోయే నష్టం ఒకటుంది. ఫోన్‌లోని రేడియో ఫర్మ్‌వేర్, అంటే టవరుతో మాట్లాడే భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఏళ్ల తరబడి పాతదిగానే ఉండిపోతుంది. ఆ సంగతి వ్యాసంలో లేదు. నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. ఇప్పుడు సాయంత్రాలు తెనాలిలో మా మేనల్లుడి మొబైల్ రిపేరు దుకాణంలో కూర్చుంటాను. అక్కడ చూసినదీ, నా సొంత ఫోన్‌కు జరిగినదీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫోన్ చూడటానికి ఒక్కటే అయినా అందులో కనీసం రెండు కంప్యూటర్లు పనిచేస్తుంటాయి. తెర, యాప్‌లు, ఫోటోలు ఆండ్రాయిడ్‌ను నడిపే ప్రాసెసర్ చూసుకుంటుంది. టవరును వెతకడం, బస్సులో వెళ్తుంటే ఒక టవరు నుంచి మరొక టవరుకు కాల్ తెగకుండా అప్పగించడం, 4జీ మీదే వెళ్లే వోల్టీ కాల్‌ను నిలబెట్టడం వంటివి బేస్‌బ్యాండ్ అనే వేరే ప్రాసెసర్ బాధ్యత. దానికి సొంత ఆపరేటింగ్ వ్యవస్థ ఉంటుంది. దాన్నే రేడియో ఫర్మ్‌వేర్ అంటారు. దుకాణాల్లో మోడెమ్ ఫైల్ అనడం ఎక్కువ. శామ్‌సంగ్ ఫోన్లు బాగుచేసేవారు ఫర్మ్‌వేర్ ఎక్కించే ఓడిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైల్ పెట్టే గడి పేరును బట్టి సీపీ అంటారు. ఏ నెట్‌వర్కుకు వోల్టీ ఎలా కలపాలన్న వివరాలు కూడా చాలా ఫోన్లలో ఈ ఫైల్‌లోనే ఉంటాయి. 2016 సెప్టెంబరులో జియో పూర్తిగా 4జీ మీదే సేవలు మొదలుపెట్టినప్పుడు, 4జీ ఉన్న కొన్ని ఫోన్లలో ఇంటర్నెట్ వచ్చి కాల్ మాత్రం నేరుగా వెళ్లకపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022 అక్టోబరులో 5జీ వచ్చినప్పుడు కూడా, పెట్టె మీద 5జీ అని రాసి ఉన్న ఫోన్లు తయారీదారు అప్‌డేట్ ఇచ్చేదాకా కాచుకుని కూర్చోవలసి వచ్చింది.

రూట్ అంటే ఆండ్రాయిడ్ మీద మనకు దక్కే పూర్తి పెత్తనం మాత్రమే. రేడియో ప్రాసెసర్ లోపలికి ఆ పెత్తనం చెల్లదు, ఎందుకంటే అది తయారీదారు డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌ను మాత్రమే ఒప్పుకుంటుంది. కాబట్టి రూట్ చేసినవాడు రేడియోను పాడుచేస్తాడేమోనన్న భయం చాలావరకు అర్థం లేనిది. అసలు చిక్కు అప్‌డేట్ దగ్గర వస్తుంది. ఆండ్రాయిడ్ 5 నుంచి తయారీదారు గాలిలో పంపే అప్‌డేట్ సిస్టమ్ విభాగాన్ని మొత్తంగా ఒక ముద్దగా చూసి, ఒక్క బైటు తేడా ఉన్నా ముందుకు సాగనని ఆగిపోతుంది. రూట్ చేయడానికి వాడే మ్యాజిస్క్ వంటి సాధనాలు సిస్టమ్‌ను ముట్టుకోకుండా, ఫోన్ లేచేటప్పుడు మొదట నడిచే బూట్ ఇమేజిని మాత్రమే మార్చినా, అసలు బూట్ ఇమేజిని తిరిగి పెట్టేదాకా అప్‌డేట్ ఒప్పుకోదు. రెండు మూడుసార్లు విఫలమైతే మనిషికి విసుగు వస్తుంది, నోటిఫికేషన్ ఆపేస్తాడు. ఇక కస్టమ్ రోమ్, అంటే తయారీదారు కాకుండా బయటివారు తయారుచేసిన ఆండ్రాయిడ్, వేసుకున్నవారి సంగతి మరీ విచిత్రం. చాలా కస్టమ్ రోమ్‌లు ఆండ్రాయిడ్‌ను మాత్రమే కొత్తది చేసి మోడెమ్ విభాగం జోలికి పోవు. సెట్టింగ్స్‌లో భద్రతా ప్యాచ్ తేదీ ఈ నెలదే కనబడుతుంది. అదే పేజీలో కాస్త కిందికి వెళ్లి బేస్‌బ్యాండ్ వెర్షన్ చూస్తే అది మూడేళ్ల క్రితంది. ఆ వరుసను చూసేవారు ఎంతమంది? మా దుకాణానికి సిగ్నల్ లేదని వచ్చినవారిలో ఒక్కరు కూడా దాన్ని చూసి రాలేదు.

పాత రేడియో వల్ల కాల్ తెగితే చిరాకుతో పోతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం కూడా ఉందని 2023 మార్చిలో తేలింది. గూగుల్‌కు చెందిన ప్రాజెక్ట్ జీరో పరిశోధకులు శామ్‌సంగ్ తయారు చేసే ఎక్సినోస్ మోడెమ్‌లలో తమకు 18 లోపాలు దొరికినట్టు వెల్లడించారు. వాటిలో నాలుగు ఎలాంటివంటే, ఫోన్ యజమాని ఏ లింకూ నొక్కకపోయినా, కేవలం అతని ఫోన్ నంబరు తెలిస్తే చాలు, దాడిచేసేవాడు దూరం నుంచే బేస్‌బ్యాండ్‌లోకి చొరబడగలడు. పిక్సెల్ 6, పిక్సెల్ 7తో పాటు మన దగ్గర విరివిగా కనిపించే గెలాక్సీ ఎం, ఎ వరుస ఫోన్లు కొన్నీ, వివో ఫోన్లు కొన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అప్‌డేట్ వచ్చేదాకా వైఫై కాలింగ్, వోల్టీ ఆపేయమని అప్పుడు సలహా ఇచ్చారు. వోల్టీ ఒక్కటే ఉన్న నెట్‌వర్కులో దాన్ని ఆపేయడమంటే ఫోన్ మాట్లాడటం మానేయడమే. అలాంటి లోపానికి మందు రేడియో ఫర్మ్‌వేర్‌లో వస్తుంది. ఆండ్రాయిడ్ ఎంత కొత్తదైనా ఆ లోటు తీర్చదు.

అందుకని రేడియోను చేత్తో ఎక్కించవలసి వస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ రోజుల్లోనే రేడియో ముందు, ఫోన్‌ను లేపే బూట్‌లోడర్ తర్వాత అన్న వరుస తప్పి ఎన్నో ఫోన్లు ఇక లేవకుండా ఇటుకలయ్యాయి. రేడియో రాయడం కొన్ని సెకన్ల పనే, కానీ ఆ కొన్ని సెకన్లలో కేబుల్ కదిలితే రాత సగంలోనే ఆగి ఫోన్ పాడుకావచ్చు. మా మేనల్లుడు ఈ పని చేసేటప్పుడు బల్లను ఎవరూ ఆనుకోకుండా చూస్తాడు, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద ఉందో లేదో రెండుసార్లు చూసుకుంటాడు.

ఇప్పుడు నా ఫోన్ విషయం. ఇక్కడే కొన్నది, తయారీదారు రెండేళ్లకే కొత్త ఆండ్రాయిడ్ ఇవ్వడం ఆపేశారు. ఫోన్ గట్టిగానే ఉంది కదా అని రూట్ చేసి కస్టమ్ రోమ్ వేసుకున్నాను. కొంతకాలానికి కాల్ కలిసిన పది సెకన్లకే తెగిపోవడం మొదలైంది. ఆ రకం ఫోన్లకు తయారీదారు చివరిగా పంపిన అప్‌డేట్‌లో కొత్త మోడెమ్ ఉంది, దాంతో సమస్య తీరుతుందని అదే ఫోన్ వాడే ఇద్దరు చెప్పారు. ఆ ఫైల్ ఇమ్మని సర్వీసు కేంద్రానికి వెళ్లి అడిగాను. ఫైల్ బయటికి ఇవ్వబోమనీ, రూట్ చేసిన ఫోన్‌ను తాము ముట్టుకోబోమనీ చెప్పారు. డబ్బు కడతానన్నా వినలేదు. గత్యంతరం లేక ఎవరో అజ్ఞాతవ్యక్తి పెట్టిన జిప్ దింపుకున్నాం. అందులోని స్క్రిప్టు మోడెమ్‌ను రాయడంతో ఊరుకోకుండా మోడెమ్ఎస్టీ1, మోడెమ్ఎస్టీ2 అనే విభాగాలను కూడా చెరిపేసింది. ఫోన్‌కు గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ, రేడియో సర్దుబాటు లెక్కలు ఉండే చోటు అదే. పైగా ఆ మోడెమ్ వేరే దేశంలో అమ్మిన రకానిది. ఫోన్ తిరిగి లేచాక బేస్‌బ్యాండ్ వెర్షన్ ఎదురుగా ‘తెలియదు’ అని ఉంది. వైఫై కూడా రాలేదు. నిజానికి ఆ రెండు విభాగాలనూ ముందే కాపీ చేసి దాచుకోవలసింది. రూట్ ఉంటే అది రెండు నిమిషాల పని, రూట్ లేనివాడికి అది అంత తేలిక కాదు. ఎక్స్ఛేంజీలో ప్రతి మార్పుకూ ముందు బ్యాకప్ తీయమని కుర్రవాళ్లను కసిరినవాడిని నేనే, నా ఫోన్ దగ్గర తొందరపడ్డాను. సరైన మోడెమ్ దొరికి ఎక్కించడానికి పన్నెండు రోజులు పట్టింది. అప్పటికి వైఫై వచ్చింది కాని, *#06# నొక్కితే పదిహేను అంకెలు ఉండవలసిన చోట ఒక్క సున్నా నిలబడి ఉంది.

ఆ స్థితిలో చట్టం కూడా యజమానికి అక్కరకు రాదు. తయారీదారు తప్ప మరొకరు ఐఎంఈఐని కావాలని మార్చడం నేరమని 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు చెప్పాయి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం దానికి మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంటాయి. దొంగ ఫోన్ల వ్యాపారాన్ని ఆపడానికి ఈ కట్టడి కావలసిందే, అందులో నాకు అభ్యంతరం లేదు. కాని నా పెట్టె మీద అచ్చయి ఉన్న నా ఐఎంఈఐని నా ఫోన్‌లో తిరిగి పెట్టగలిగేది తయారీదారు ఒక్కరే. వారేమో బోర్డు మార్చమన్నారు. దాని ధర కొత్త ఫోన్ ధరకు కొంచెం తక్కువ. కొన్నిచోట్ల ఏదో బాక్సు తగిలించి ఎవరి ఐఎంఈఐనో రాసి ఇస్తారని విన్నాను, ఒకరు నన్నే అడిగారు కూడా. ఆ అసలు ఫోన్ యజమాని రేపు పోయిన ఫోన్లను ఆపించే ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో తన ఫోన్ పోయిందని ఫిర్యాదు చేస్తే ఈ ఫోన్ కూడా ఆగిపోతుంది, పోలీసులకు సమాధానం చెప్పుకోవలసింది నేను.

దీనికి భిన్నమైన అనుభవం కూడా చెప్పాలి. మా అబ్బాయి పిక్సెల్ 7 కూడా రూట్ చేసినదే. దానికి గూగుల్ ప్రతి నెలా ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ అంతా ఉండే పూర్తి ఫ్యాక్టరీ ఇమేజిని అందరికీ తెరిచి ఉంచుతుంది, పక్కనే ఫైల్ మారలేదని సరిచూసుకోవడానికి 64 అక్షరాల ఎస్‌హెచ్‌ఏ-256 గుర్తు ఇస్తుంది. దింపుకున్న ఫైల్ గుర్తు దాంతో సరిపోలిందో లేదో చూసుకున్నాం. జిప్ విప్పితే బూట్‌లోడర్, రేడియో వేరువేరు ఫైళ్లుగా ఉన్నాయి. వరుస తప్పకుండా వాటిని ఎక్కించే స్క్రిప్టు కూడా అందులోనే ఉంది. ఫోన్‌లోని డేటాను తుడిచేసే ‘-డబ్ల్యూ’ అన్న ఒక్క ముక్కను ఆ స్క్రిప్టులోంచి తీసేశాం. బూట్‌లోడర్ రాసింది, ఫోన్ రీబూట్ అయింది, ఐదు సెకన్లు ఆగింది, కంప్యూటర్ నుంచి ఫైళ్లు ఎక్కించే ఫాస్ట్‌బూట్ సాధనం రేడియోను పంపి ‘ఓకే’ అంది, మళ్లీ రాసి ‘ఓకే’ అంది. తర్వాత ఈ ఫోన్‌లో రూట్ కోసం మార్చవలసిన ఇనిట్ బూట్ ఇమేజిని మ్యాజిస్క్‌తో సవరించి తిరిగి రూట్ చేసుకున్నాం. కాఫీ చల్లారేలోపు పని అయిపోయింది. ఫోటో ఒక్కటీ పోలేదు.

ఈ రెండు ఫోన్లకూ చేసిన పని ఒకటే, చేసిన చేతులూ అవే. తేడా అంతా ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గరే ఉంది. కాబట్టి మన దేశంలో ఫోన్లు అమ్మే ప్రతి సంస్థా, అమ్మిన ప్రతి రకానికీ చివరి రేడియో ఫర్మ్‌వేర్‌ను సరిచూసుకునే గుర్తుతో సహా బహిరంగంగా ఉంచాలని టెలికాం శాఖ షరతు పెట్టాలి. ఆ ఫైల్ ఎలాగూ సంస్థ సంతకంతోనే ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చి వాడలేరు, కాబట్టి దాచడం వల్ల కలిగే రక్షణ ఏమిటో నాకు అర్థం కాలేదు. ఐఎంఈఐ పోయిన ఫోన్‌ను కొన్న రసీదు, పెట్టె చూపిస్తే నిర్ణీత రుసుముకు పునరుద్ధరించే బాధ్యత కూడా సర్వీసు కేంద్రాల మీద ఉంచాలి. రూట్ చేశాడు కాబట్టి ఫోన్ మనది కాదన్నట్టు మాట్లాడటం సబబు కాదు. మీ సాంకేతిక పేజీ వారు తదుపరి వ్యాసంలో ఆ బేస్‌బ్యాండ్ వెర్షన్ వరుసను ఫోటో వేసి చూపించగలిగితే మరీ మంచిది. నా ఫోన్ మాత్రం ఇప్పటికీ బల్ల సొరుగులో ఉంది, మనవరాలు వైఫై మీద పాటలు వింటోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
తెనాలి.