రాకాసి గుళ్లకు ఇరవై నిమిషాలేనా?

సంపాదకుడు గారికి,

హనుమకొండ నుంచి ఆదివారాలు నడిచే ‘ఒక్కరోజు యాత్ర’ బస్సుల్లో ఒకదాని కరపత్రంలో దామరవాయి రాకాసి గుళ్ల పేరు కనిపించింది. బడిలో ఏళ్ల తరబడి చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో ఎవరికీ పట్టకుండా పడి ఉన్న ఆ పాతకాలపు రాతి సమాధులను ఇక నలుగురూ చూస్తారని సంబరపడి బస్సెక్కాను. చూసి వచ్చాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

పొద్దున రామప్ప, మధ్యాహ్నం లక్నవరంలో బోటు షికారు, భోజనం, చీకటి పడేలోపు మేడారం. వీటి నడుమ మిగిలిన సందులో దామరవాయి. బస్సు ఆగగానే “ఇరవై నిమిషాలే, జల్ది రావాలె” అన్నారు. గుట్ట ఎక్కడానికే అందులో సగం పోయింది. ఇవేమిటని అడిగితే, వెంట వచ్చినతను “ఎనకట రాక్షసులు ఉండేటోళ్లట” అని ఫోన్‌లో తలదూర్చాడు. అంతలోనే కింది నుంచి హారన్.

అవి ఇనుప యుగపు మనుషులు తమవాళ్ల కోసం కట్టిన సమాధులు. వాటి వయసు సుమారు 2,500 నుంచి 3,000 ఏళ్లు. నాలుగు వైపులా ఇసుకరాతి పలకలు నిలబెట్టి, పైన గది కప్పంత బండ పరిచారు. కొన్నిటి చుట్టూ రాళ్ల వలయాలున్నాయి. లోపల, చనిపోయినవాళ్ల కోసం ఒకే రాయిని తొలిచి చేసిన తొట్టి ఉంటుంది. నేను వంగి చూసిన తొట్టిలో ఒక నీళ్ల సీసా, రెండు చిప్స్ ప్యాకెట్లు ఉన్నాయి. పక్క సమాధి కప్పుబండ మీదికి ఇద్దరు కుర్రాళ్లు బూట్లతో ఎక్కి ఫొటోలు దిగుతున్నారు. వాళ్లను కోప్పడ బుద్ధి కాలేదు. అది సమాధి అని వాళ్లకు చెప్పిందెవరు?

మా బస్సులో వచ్చిన ఒక చిన్నపిల్ల మాత్రం ఆ బండ కింద నిలబడి, “అమ్మా, ఇంత పెద్ద రాయిని ఎట్ల లేపిన్రే?” అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! సిద్దిపేట జిల్లా నర్మెట్టలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపినప్పుడు ఒక సమాధి మీది బండ 40 టన్నులకు పైగా తూగింది, దాన్ని క్రేన్‌తో లేపారు. క్రేన్లు లేనినాడు అంత బండను రాతి పొర నుంచి విడదీసి, తెచ్చి, పైకెత్తి కూర్చోబెట్టారంటే ఎంతమంది కలిసి పనిచేసి ఉండాలి, వాళ్లకు ఎంత నేర్పు ఉండాలి! ఈ మాట ఆ పిల్లకు చెప్పే లోపే తల్లి చేయి పట్టుకుని గుట్ట దింపింది, బస్సు పోతుందని.

ఇవి కొత్తగా బయటపడినవేమీ కావు. కాటాపూర్, మల్లూరు వైపున్న ఇలాంటి సమాధుల గురించి ముల్హెరన్ అనే సర్వే అధికారి 1860ల్లోనే రాశారు. రామప్పకు 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో ఆ హోదా కోసం యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. దామరవాయి గుట్ట దగ్గర మాత్రం ఇదేమిటో చెప్పే బోర్డు ఒక్కటీ మా కంటపడలేదు, కాపలా మనిషీ కనబడలేదు. మేడారం జాతర పుణ్యమా అని తాడ్వాయి దాకా రోడ్డు బాగుంది. ఇక బస్సులు పెరుగుతాయే తప్ప తగ్గవు.

అందుకే పర్యాటక, పురావస్తు శాఖలు, ములుగు జిల్లా యంత్రాంగం ఇప్పుడే కల్పించుకోవాలి. దామరవాయి, కాటాపూర్ వైపు చదువుకున్న కోయ యువతీయువకులకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టాలి. వాళ్లకిచ్చే రుసుమును టికెట్‌లోనే కలిపితే ఎవరూ కాదనరు. గైడ్ లేకుండా ఏ బస్సునూ గుట్ట మీదికి పంపొద్దు. బండల మీదికి ఎక్కకుండా ఆపడానికి ఒక మనిషిని పెట్టాలి. అన్నీ ఒకే రోజులో కావాలని జనమే అడుగుతున్నారని యాత్ర నిర్వాహకులు అంటున్నారు. అలాగైతే బోటు షికారు ఇంకో రోజుకు పెట్టుకోండి, ఇక్కడ కనీసం రెండు గంటలు ఆగండి. అదీ కుదరదంటే కరపత్రంలోంచి దామరవాయి పేరు తీసేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, హనుమకొండ