నేపాల్‌లోని సిద్ధార్థ రాజమార్గంలో లారీ ఆపిన అన్నగారికి

సునౌలీ దగ్గర సరిహద్దు దాటి పోఖరా చూసి తిరిగి వస్తున్నాం. బుట్వల్ పట్టణం ఇంకా దిగువనే ఉందనగా, ఘాట్ రోడ్డు మీద కారు ఫ్యాన్ బెల్టు తెగింది. ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. మా సిమ్‌లు అక్కడ పనిచేయలేదు. పైగా భన్సార్ భయం: మన బండి నేపాల్‌లో తిరగడానికి సరిహద్దులో రుసుము కట్టి తీసుకునే ఆ అనుమతిని రోజుల లెక్కన ఇస్తారు. మాది ఆ రోజుతో ముగుస్తుంది.

అప్పుడు మీరు లారీ ఆపారు. దిగీ దిగగానే చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. రేడియేటర్ మూత తీయబోతున్న మా నాన్నగారి చేయి పట్టుకుని వెనక్కి లాగారు. అంత వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్మేవి. మిగిలిన సాయమంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

బెల్టు లేనిదే నీటి పంపు తిరగదని, అలాగే నడిపితే ఇంజను పోతుందని హిందీలో ఓపికగా చెప్పారు. తెగిన బెల్టు మీది నంబరు చూసి బుట్వల్‌కు ఫోను చేశారు, పైకి వచ్చే బస్సులో కొత్తది తెప్పించి మీరే బిగించారు. మీ సరుకు ఆలస్యమవుతున్నా కదలలేదు. బెల్టు ఖరీదుకు మించి ఒక్క రూపాయి తీసుకోలేదు.

పేరు అడిగితే నవ్వి లారీ ఎక్కారు. అన్నా, గడువులోపే సరిహద్దు దాటాం. నాన్నగారు క్షేమం. మా ఇంటిల్లిపాది తరఫున మీకు నమస్కారాలు.