రూర్కెలాలో ఆడింది మన విశాఖ జట్టేనండీ

సంపాదకులు గారికి,

నమస్కారం. 2024 డిసెంబర్ 28న విశాఖపట్నానికి సంబంధించిన సంగతులు రెండు జరిగాయి. పొద్దున మెల్‌బోర్న్‌లో మా గాజువాక కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి టెస్టుల్లో తొలి సెంచరీ కొట్టాడు. అది ఊరంతా తెలుసు. అదే రోజు రాత్రి ఒడిశాలోని రూర్కెలాలో హాకీ ఇండియా లీగ్ మొదలైంది. 2017 తర్వాత ఆగిపోయిన లీగ్ మళ్లీ ఇప్పటికి లేచింది. తొలి మ్యాచ్ ఢిల్లీ ఎస్‌జీ పైపర్స్‌కీ, గోనాసికకీ. ఈ గోనాసిక మన విశాఖపట్నం జట్టు. కూర్మన్నపాలెంలో మా వీధి వాళ్లని పదిమందిని అడిగాను, ఒక్కరికీ తెలీదు.

నేను ఆ రాత్రి రూర్కెలా స్టేడియంలోనే ఉన్నాను. హాకీ కోసమే వెళ్లానంటే మా ఆవిడ ఒప్పుకోదు. మా చిన్నమ్మాయిని రూర్కెలా ఇచ్చాం, అల్లుడు అక్కడి స్టీల్ ప్లాంట్‌లో పని. ఇక్కడి స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా రిటైరైన నేను అక్కడికి వెళ్తే పొరుగూరికి వెళ్లినట్టే ఉంటుంది. ఆవిడ మనవణ్ణి చూడాలంది, నేను మ్యాచ్ తేదీ చూసి ధన్‌బాద్ రైలుకి టికెట్లు తీశాను.

పొద్దున అల్లుడి ఇంట్లో టీవీ ముందు అందరం కూలబడ్డాం. నితీష్ 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. ఆఖరి బ్యాటరు సిరాజ్ కమిన్స్ బంతులు మూడు ఆడాలి. ఆ మూడు బంతులూ మా ఆవిడ వంటింట్లోకి పోయి నిలబడింది, చూడలేనని. సిరాజ్ కాచాడు, నితీష్ ఫోర్ కొట్టాడు, గ్యాలరీలో వాళ్ల నాన్నగారు ఏడుస్తుంటే ఇక్కడ మేమూ కళ్లు తుడుచుకున్నాం. హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదిలేసి కొడుకు ఆట వెనక నడిచిన మనిషి. ఆ ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి నేను ఎన్నిసార్లు వెళ్లి ఉంటానో.

సరే, సాయంత్రం మనవణ్ణి తీసుకుని బిర్సా ముండా స్టేడియానికి బయల్దేరాను. వాడికి తొమ్మిదేళ్లు. చలి బాగా ఉంది, వాడికి మంకీ క్యాప్ పెడితే గేటు దగ్గరే తీసి జేబులో కుక్కుకున్నాడు. ఇరవై వేల మంది కూర్చుని చూసే స్టేడియం అది, 2023 ప్రపంచ కప్ కోసం కట్టారు. అందరికీ సీట్లున్న హాకీ స్టేడియాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ రికార్డు. మెట్లెక్కి పైకొచ్చాక ఆ నీలం టర్ఫ్, అదే కృత్రిమ గడ్డి మైదానం, ఒక్కసారిగా కనిపించింది. దాని మీద నీళ్లు చిమ్ముతున్నారు. "తాతయ్యా, ఆడేముందు తడుపుతారేంటి, జారి పడరా?" అన్నాడు వాడు. తడిస్తేనే బంతి నున్నగా దొర్లుతుంది, పడ్డా చర్మం లేచిపోదు అని చెప్పాను. నేను ఆడిన రోజుల్లో మాది మట్టి. వాల్తేరు రైల్వే గ్రౌండ్‌లో లెఫ్ట్ హాఫ్, అంటే మధ్య వరుసలో ఎడమ వైపు, ఆడేవాణ్ణి. బంతి గులకరాయికి తగిలి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. నా ఎడమ మోకాలి మీద మచ్చ ఆ గ్రౌండ్‌దే.

పక్క సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు, సుందర్‌గఢ్ జిల్లా పల్లెటూరి మనిషి. ఆ జిల్లాలో ఊరూరా హాకీ ఆడతారు, నెగ్గిన జట్టుకి మేకను బహుమతిగా ఇచ్చే టోర్నమెంట్లు ఉంటాయి. ఈయనా అలాంటివి ఆడినవాడే. ఏ జట్టు మీది అని హిందీలో అడిగాడు. గోనాసిక, మాది విశాఖపట్నం అన్నాను గొప్పగా. ఆయన పకపకా నవ్వాడు. "గోనాసిక మా ఒడిశాలోది బాబూ! కియోంఝర్ జిల్లాలో కొండ. మీదెలా అయింది?" అన్నాడు. వైతరణి నది పుట్టేది అక్కడేనట. ఆవు ముక్కులోంచి వచ్చినట్టు నీళ్లు వస్తాయి కాబట్టి గో నాసిక. వైతరణి అంటే పోయాక దాటేది అనే అనుకున్నాను ఇన్నాళ్లూ. బతికుండగానే ఒడిశాలో ఉందని అరవై రెండేళ్లకి తెలిసింది.

ఆయన మాట నవ్వులాటకే అన్నా నాకు ముల్లులా గుచ్చుకుంది. జట్టు పేరులో విశాఖ లేదు. జట్టు ఆడేది విశాఖలో కాదు. మరి మాది అని నేను ఏ ముఖం పెట్టుకుని అన్నట్టు? మనవడు కూడా "మనదేది తాతయ్యా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆట మాత్రం డబ్బు పెట్టినా దొరకనిది. మన కెప్టెన్ మన్‌ప్రీత్ సింగ్. టోక్యోలో నలభై ఒక్క ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చిన జట్టుకి ఆయనే కెప్టెన్. టీవీలో బంతి వెంట కెమెరా పోతుంది కాబట్టి ఇలాంటి ఆటగాడు ఏం చేస్తున్నాడో సగం కనపడదు. హాఫ్ లైన్ ఆడినవాణ్ణి కాబట్టి నేను బంతిని వదిలేసి ఆయన్నే చూశాను. బంతి తన దగ్గరికి రాకముందే మెడ తిప్పి వెనక ఎవరున్నారో చూసుకుంటాడు. ఒకసారి, రెండుసార్లు. బంతి వచ్చేసరికి ఎటు ఇవ్వాలో తేలిపోయి ఉంటుంది. మా రోజుల్లో కోచ్ ఇదే చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకునేవాడు.

నాలుగు క్వార్టర్లూ అయ్యేసరికి స్కోరు 2-2. లీగ్ మొదటి విడతలో చివరి రెండేళ్లూ ఫీల్డ్ గోల్‌కి, అంటే ఆట నడుస్తుండగా కొట్టే గోల్‌కి, రెండు గోల్స్‌గా లెక్క కట్టేవారు, ఇప్పుడు తీసేశారు, మంచి పని చేశారు. ఇక షూటౌట్. 23 మీటర్ల లైన్ దగ్గర నుంచి ఒక్కడే బంతి తీసుకుని గోలీ (గోల్‌కీపర్) మీదికి రావాలి, ఎనిమిది సెకన్లే టైము. మనవడు వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాడు, వాడికి ఐదు దగ్గరే టెన్షన్‌తో లెక్క తప్పిపోతోంది. ఢిల్లీ వాళ్లు నెగ్గారు. పక్కనున్న పెద్దాయన నా భుజం తట్టి, "మీ వాళ్లు బాగా ఆడారు" అన్నాడు. మా గోనాసిక అనలేదు, మీ వాళ్లు అన్నాడు. సంతోషమేసింది.

ఊరొచ్చాక పక్కింటి వాళ్లు దాచి ఉంచిన ఆదివారం పేపర్ తీశాను. మొదటి పేజీ నిండా నితీష్. ఉండాలి కూడా. లోపల ఆటల పేజీలో ఒక మూల నాలుగు లైన్లు, ఢిల్లీ గెలిచిందని. ఓడింది విశాఖ జట్టని ఎక్కడా లేదు. తప్పు మీ ఒక్కరిదే అనను. జట్టు యజమానులకే ఊరి పేరు అక్కర్లేకపోయాక విలేఖరికి మాత్రం ఏం పట్టింది?

ఈసారి లీగ్ మ్యాచ్‌లన్నీ రూర్కెలా, రాంచీల్లోనే పెట్టడానికి కారణం ఉంది, కాదనను. నీళ్ల టర్ఫ్, లైట్లు, కూర్చోడానికి చోటు అన్నీ ఒకచోట ఉండాలి. హైదరాబాద్ తూఫాన్స్ కూడా సొంత ఊళ్లో ఆడటం లేదు. కానీ మ్యాచ్ పెట్టలేకపోతే పోనీ, లీగ్‌కి ముందు వారం రోజులు ఆ ఆటగాళ్లను ఇక్కడికి తెచ్చి బీచ్ రోడ్డులో నడిపించినా చాలు కదా. ప్రో కబడ్డీ కొత్తలో తెలుగు టైటాన్స్ విశాఖలో ఆడితే రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియంలో సీటు కోసం నేను లైన్లో నిలబడ్డాను. ఈ ఊరికి క్రికెట్ తప్ప పట్టదంటే నేను ఒప్పుకోను. చిత్తూరు జిల్లా పల్లె నుంచి ఎతిమరపు రజని భారత జట్టు గోలీ దాకా వెళ్లింది. సికింద్రాబాద్ ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు. మన పిల్లలకి ఈ పేర్లు ఎవరు చెప్పారు గనక?

నేను అడిగేది చిన్నది. మ్యాచ్‌లు అయ్యేదాకా రోజూ గోనాసిక ఎప్పుడు, ఎవరితో ఆడుతుందో ఒక లైను వేయండి. పక్కన బ్రాకెట్లో విశాఖపట్నం అని రాయండి. నిన్న మనవడు ఫోన్ చేసి, "తాతయ్యా, మన జట్టుకి మళ్లీ ఆట ఎప్పుడు?" అన్నాడు. పేపర్లో చూసి చెబుతానన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం.