ప్లాను అడిగితే ఫైలంతా ఇచ్చారు

విజయవాడ, సత్యనారాయణపురం

రేయ్ శీనూ,

గుంటూరులో ఇంటి ప్లాను అప్రూవల్‌కి ఇస్తున్నావని మీ చెల్లాయి చెప్పింది. ఇచ్చేలోపే ఇది నీకు అందాలని గబగబా రాస్తున్నా. ఫోన్లో చెబితే సగం విని "సరేలేరా" అంటావు.

అమ్మ మెట్లెక్కలేదని ఇంటికి లిఫ్టు పెట్టిస్తున్నాం, తెలుసుగా. దానికి పక్క సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటికీ పక్కవాళ్ల హద్దుకీ మధ్య వదలాల్సిన జాగాలో, కాస్త సడలింపు అడగాల్సొచ్చింది. ఇంజినీరుగారు "కారణం గట్టిగా రాయండి" అన్నారు. నేను మరీ గట్టిగా రాశా. అమ్మ మోకాళ్ల ఆపరేషన్, వేసుకునే మాత్రల పేర్లు, రాత్రి ఎన్నిసార్లు లేస్తుందో, మధ్యాహ్నం ఇంట్లో ఒక్కతే ఉంటుందని కూడా! కింద సంతకం, ఫోన్ నంబరు. వెనక ఆధార్ జిరాక్సు.

లిఫ్టు తమ గోడ మీదకొస్తుందేమోనని పక్కింటి బాబాయిగారి భయం. సమాచార హక్కు కింద ప్లాను కాపీ అడిగారు. ఆయన స్థానంలో నేనున్నా అడిగేవాణ్ణే. గోడ పక్కన ఎన్ని అడుగులు వదిలామో ఆయనకి తెలియాలి. కానీ ఆఫీసులో ఫైలు మొత్తం జిరాక్సు కొట్టి చేతిలో పెట్టారు. ఆయనేమో అన్నీ ఫోటోలు తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి సెట్‌బ్యాక్ ఊసే లేదు. ఒకావిడ గుమ్మంలోకొచ్చి, "పిన్నిగారూ, రాత్రి ఐదుసార్లు లేస్తారటగా, మా అత్తగారికీ అంతే" అని పరామర్శించి వెళ్లింది. అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అప్పుడు కూర్చుని చట్టం తిరగేశా. 2005 సమాచార హక్కు చట్టం పదో సెక్షన్‌లోనే ఉంది, ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వొచ్చని. ప్లాను ఇచ్చి, అమ్మ ఆరోగ్యం సంగతులు ఇవ్వకుండా ఆపొచ్చన్నమాట. అయినా ఒక్కొక్క కాగితం చూసే ఓపిక ఎవరికుంది?

మన దగ్గరే ఇలా అనుకోకు. ఇంగ్లండ్‌లో బాసిల్డన్ కౌన్సిల్ 2015లో ఒక ప్లానింగ్ దరఖాస్తును ఆన్‌లైన్‌లో పెడుతూ, ఆ కుటుంబంలో వాళ్ల పేర్లు, వయసులు, వైకల్యం, మానసిక ఆరోగ్యం సంగతులు అలాగే వదిలేసింది. అక్కడి సమాచార కమిషనర్ ఆఫీసు 2017లో 1,50,000 పౌండ్ల జరిమానా వేసింది. చదువుతుంటే నా ఉత్తరమే గుర్తొచ్చింది. అనుమతి కోసం ఇంట్లో కష్టమంతా కాగితం మీద పెట్టేస్తాం కదా.

"పోనీలే, ఏమవుతుంది" అనకు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకడు రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలకి నకళ్లు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. దస్తావేజు జిరాక్సులు మనం ఎన్నిచోట్ల పంచామో లెక్కుందా? నేనైతే ఆ రాత్రే, నా వేలిముద్రతో ఇంకెవరూ ఆధార్ వాడకుండా బయోమెట్రిక్ లాక్ చేసేశా. ముందు నువ్వూ ఆ పని చెయ్.

కాపీ ఇచ్చేచోట మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటారేమో అడుగు. అందులో 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనిపిస్తాయి. జిరాక్సు మీద అడ్డంగా "ఇంటి ప్లాను కోసం మాత్రమే" అని రాసి తేదీ వెయ్యి. నల్ల మార్కరుతో కొట్టేస్తే సరిపోదురా, వెలుతురుకి పెడితే అంకెలు కనిపిస్తాయి. కొట్టేసిన దాన్ని మళ్లీ జిరాక్సు తీసి అదివ్వు. పీడీఎఫ్‌లో నల్ల డబ్బా గీసి పంపినా మోసమే, చాలాసార్లు కింద అక్షరాలు కాపీ అయిపోతాయి. ఇంకోటి, డ్రాయింగు వేసే కుర్రాడు మా ప్లానులో ఒక గదికి "బీరువా గది" అని పేరు పెట్టాడు! దొంగకి దారి చూపించినట్టే. మీ దాంట్లో గదుల పేర్లు ఓసారి చూసుకో.

ఉత్తరం మార్చి ఇస్తానని ఆఫీసుకెళ్తే ఒప్పుకున్నారు. ఈసారి అమ్మే చెప్పి రాయించింది: "ఇంట్లో పెద్దావిడ మెట్లు ఎక్కలేరు. డాక్టరు పత్రం అడిగితే చూపిస్తాం." అంతే. ఇంకో ముక్క రాయబోతే పెన్ను లాక్కుంది.

నీ
రాజు