సూదికి కణాలు చిక్కకపోతే జబ్బు లేనట్టు కాదు

సంపాదకులకు,

మీ ఆరోగ్యం పేజీలో క్లోమ గ్రంథి క్యాన్సర్ గురించి చదివాను. సిగరెట్టు మానమన్నారు, మందు మానమన్నారు, బాగానే ఉంది. ఆసుపత్రికి వెళ్ళాక మా జిల్లా జనం ఎక్కడ దెబ్బతింటున్నారో మాత్రం అందులో లేదు. పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను కాబట్టి ఆ సంగతి నేను రాస్తున్నాను.

ఈ గడ్డలో ఎక్కువ భాగం క్యాన్సర్ కణాలు కావు, వాటి చుట్టూ పెరిగిన పీచు. క్లోమంలో ఊరికే పడి ఉండే స్టెల్లేట్ కణాలను క్యాన్సర్ రెచ్చగొడితే అవి కొల్లాజెన్ అనే పీచు పదార్థాన్ని తయారుచేస్తూనే ఉంటాయి. రంగు వేసిన స్లైడు మైక్రోస్కోపు కింద పెడితే అంతా గులాబీ రంగే, గోగునార పరిచినట్టు. అందులో ఎక్కడో ఓ మూల వంకర తిరిగిన చిన్న గొట్టం, దాని గోడకు ముదురు నీలం కణాలు నాలుగు. వెతుకుతున్నది వాటినే. పరీక్ష కోసం గడ్డలోంచి ముక్క తీసే సూది పక్కన దిగిందంటే వచ్చేది పీచు ముక్కే.

అప్పుడు రిపోర్టులో ‘పీచు కణజాలం, అక్కడక్కడా అనుమానాస్పద కణాలు, మళ్ళీ పరీక్ష అవసరం’ అని ఇంగ్లీషులో రెండు లైన్లు ఉంటాయి. మా బావమరిదికి అదే వచ్చింది. అరవైకి దగ్గరపడ్డాక ఉన్నట్టుండి షుగరు, మనిషి చిక్కిపోవడం, ఆ తర్వాత కామెర్లు, ఒళ్ళంతా దురద. విశాఖలో స్కాన్ తీస్తే క్లోమం తల దగ్గర గడ్డ కనిపించింది. సూది పరీక్ష కాగితం చేతిలో పెట్టినవాళ్ళు నోరు విప్పి ఏమీ చెప్పలేదు. “ఏటీ లేదంట బావా, నెగిటివ్ వచ్చేసింది” అని నాకు ఫోను. కాగితం చూసి, మళ్ళీ వెళ్ళండ్రా అని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆమదాలవలస అవతల ఓ ఊళ్ళో పసరు, పత్యం మొదలుపెట్టారు. తిరిగి వెళ్ళేసరికి గడ్డ పేగులకు రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమనిని చుట్టేసింది. ఇక ఆపరేషన్ కుదరదన్నారు.

పసరు పోసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. వైరస్ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు వాళ్ళకు వస్తుంది. గడ్డ పిత్తనాళాన్ని నొక్కితే వచ్చే కామెర్లు ఏ ఆకుకీ లొంగవు.

కీమో పనిచేయలేదు, డాక్టర్లు డబ్బు తినేశారని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. ఆ పీచే రక్తనాళాలను నొక్కేసి మందును లోపలికి సరిగ్గా చేరనివ్వదు. రోగనిరోధక కణాలనూ బయటే ఆపేస్తుంది. పోనీ దాన్ని కరిగిద్దామంటే, అందుకు తయారుచేసిన ఎంజైము 2019లో పెద్ద ట్రయల్‌లో ఫెయిలైంది. 2014లో ఎలుకల్లో పీచు తయారుచేసే కణాలను తీసేస్తే జబ్బు ఇంకా ముదిరింది. 2011లో వచ్చిన ఫోల్ఫిరినాక్స్ అనే నాలుగు మందుల కీమో కూడా, జబ్బు పాకినవాళ్ళలో సగటున 7 నెలల బతుకును 11 నెలలు చేసింది, అంతే. అమెరికాలోనే అయిదేళ్ళు దాటేవాళ్ళు నూటికి 13 మంది.

నయమవుతుందన్న ఆశ ఉన్నది ఆపరేషన్‌తోనే, అదీ గడ్డ చిన్నగా ఉండగా. స్కాన్‌లో అనుమానం గట్టిగా ఉండి కోయడానికి వీలుంటే, సూదికి కణాలు చిక్కకపోయినా సర్జన్లు ఆగరు. మనవాళ్ళే ఆగిపోతున్నారు.

రిపోర్టు ఇచ్చేవాళ్ళు రెండు నిమిషాలు కూర్చోబెట్టి ‘దొరకలేదు, లేదని కాదు, మళ్ళీ చేయించాలి’ అని చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి. రెండో అభిప్రాయం కోసం అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రికో, మరో చోటికో వెళ్తుంటే ల్యాబులో స్లైడ్లు, తీసిన ముక్కను దాచిన మైనపు బ్లాకు అడిగి తీసుకోండి. ఉత్త కాగితం పట్టుకుని వెళ్తే అక్కడివాళ్ళు చూడటానికి ఏమీ ఉండదు.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా